బావి సర్కారుది, గిలక పటేలుది

“రూము దొరికింది అమ్మమ్మా! నువ్వేంది, ఎవరో పోయినట్టు మొకం పెడ్తవ్?”

“తాళంచెవి చేతికొచ్చిందా?”

“రేపు పొద్దున ఇస్తమన్నరు.”

“అయితే ఇంకా దొరకలే.”

“ఊళ్ళె మీ ఇల్లు ఏ వాడల అని ఇంటోళ్ళు అడిగిండ్రు. దాచుడెందుకని చెప్పిన. చెప్పినంక గూడ వాళ్ళు తాగే కప్పులల్లనే చాయ్ ఇచ్చిండ్రు. ఇంకా మీ కాలమే అనుకుంటున్నవా?”

“మా కాలంల పటేలు నా చేతి నీళ్ళే తాగిండు. నోర్మూసుకొని ఇను.”

నా మనుమరాలు నర్సు చదివింది. తల్లాడల ఒక దవాఖానల కొలువు వచ్చింది. రాత్రి డ్యూటీలుంటయి, దగ్గర్ల రూము చూసుకుంటేనే రా, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటమన్నరు. అందుకే దాని సంబురం. ఆ సంబురం మీద నీళ్ళు పోసింది నేనే. పోసి, ఈ సంగతి చెప్పిన.

నా చిన్నప్పుడు మా ఊరు దమ్మపేట అవతల, చేన్లు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. ఊరంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి. మా వాడోళ్ళం అంటరానోళ్ళమని గట్టు ఎక్కనిచ్చేటోళ్ళు కాదు. కుండ కింద పెట్టి దూరంగ కూర్చుంటే, ఎవరికన్న బుద్ధి పుడితే ఎత్తు నుంచి పోసేటోళ్ళు. సగం కుండల పడేది, సగం మట్టిల పడేది. ఎండాకాలం అడవిల ఇప్పపూలు ఏరి, నాలుక అంగిలికి అంటుకపోయి వచ్చినా, ఊళ్ళె బర్రెలు తాగినంకనే మా వంతు.

ఒకనాడు సర్కారు నుంచి పెద్ద ఆఫీసరు జీపుల వచ్చిండు. బావి అందరిదనీ, ఎవరన్న అడ్డమొస్తే జైలుకు పంపుతననీ చెప్పిండు. అందరికంటె ముందు చప్పట్లు కొట్టింది మా ఊరి పటేలు. “ఏదీ, ఆ పిల్లను పిలువుండ్రి” అని నన్నే గట్టు ఎక్కించిండు. నేను చేదిన. గిలక కిర్రుకిర్రుమంటుంటే బొక్కెన పూల బుట్టంత తేలికగ పైకొచ్చింది. పటేలు వంగి, దోసిలి పట్టి, నేను పోసిన నీళ్ళు తాగి, మీసాలు తుడుచుకొని, నవ్వుకుంట నా తల నిమిరిండు. ఆఫీసరు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మా వాడంతా నవ్వింది. మా తాతయ్య ఒక్కడే నవ్వలే. ఆయన పటేలు ఇంట్ల జీతమున్నోడు, పటేలు నవ్వు ఎట్లాంటిదో ఎరిగినోడు.

తెల్లారి అందరికన్న ముందు నేనే కుండ పట్టుకొని ఉరికిన. బావి ఉంది, దూలం ఉంది. గిలక లేదు. పటేలు గట్టు మీద కూర్చొని పళ్ళు తోముకుంటున్నడు. “రా బిడ్డా, చేదుకో. బావి సర్కారుది, ఎవరు వద్దన్నరు? గిలక నాది, ఇంట్ల పెట్టుకున్న” అన్నడు. తిట్టలే, కసురుకోలే. బిడ్డా అనే అన్నడు. ఊరి ఆడోళ్ళు ఆయన ఇంటి నుంచి గిలక తెచ్చుకొని, చేదుకొని, ఊడదీసి మళ్ళ ఇచ్చిపోతున్నరు. ఒక్కరు గూడ నా దిక్కు చూడలే.

ఇంతల తాతయ్య వచ్చిండు. చెయ్యి పట్టి ఇంటికి తీసుకపోతడనుకున్న. “చేదు” అన్నడు. ఆ లోతు బావిల నుంచి వట్టి చేతులతో బొక్కెన గుంజిన. తాడు రాయికి ఒరుసుకొని, నా అరచేతులల్ల దిగింది. బొక్కెన పైకి వచ్చేసరికి నీళ్ళు సగమే మిగిలినయి. ఏడ్చిన. ఆయన సాయం రాలే. కుండ నిండేదాక చేదిచ్చి, తోలు లేచిన నా చేతులు నాకే తెరిచి చూపిచ్చిండు. “నిన్న ఆయన నోటితో ఏం తాగిండో చూసి మురిసినవ్. ఇయ్యాల నీ చేతుల ఏం పెట్టిండో చూడు” అన్నడు. ఆ పూట నాకు పటేలు మీద కంటె తాతయ్య మీదనే కోపమొచ్చింది.

చేతులు మానినయి. ఆ మాట మానలే. అందుకే నా ఇంట్ల ఒకరి దగ్గర ఎరువు తెచ్చిన సామాను ఒక్కటి ఉండదు. కిరసనాయిలు పొదుపు చేసి సొంత గిలక కొన్న మనిషిని నేను. ఎవరన్న నవ్వుకుంట మాటిస్తే, వాళ్ళ పండ్లు చూడను, చేతులు చూస్త. ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. బడిల పిల్లలందరు ఒకటే బంతిల కూర్చొని తింటున్నరు. చానా మారింది, అబద్ధమెందుకు? తిట్టేటోళ్ళు తగ్గిండ్రు. నవ్వేటోళ్ళు పెరిగిండ్రు.

“పాత కథలు చెప్పి నా పానం తియ్యకు” అని నా మనుమరాలు గోడ దిక్కు తిరిగి పండుకుంది.

తెల్లారి ఆటోల పరుపు, గ్యాసు పొయ్యి, బకెట్టు వేసుకొని ఇద్దరం తల్లాడ పోయినం. ఇంటాయన గేటు తియ్యకుండనే నవ్వుకుంట నిలబడ్డడు. “అయ్యో, మీకెందుకియ్యమమ్మా, ఇల్లు మీదే అనుకోండి. రాత్రి బోరు మోటరు కాలిపోయింది. నీళ్ళు లేని ఇంట్ల ఆడపిల్లను ఎట్ల పెడ్తం చెప్పండి” అన్నడు. ఆయన మాట్లాడుతుండంగనే మేడ మీద ట్యాంకు నిండి పొర్లింది. నీళ్ళు సజ్జ మీద నుంచి దుమికి, గేటు కింద నుంచి బజార్లకు వచ్చినయి. నా మనుమరాలు చెప్పులు తడవకుండ పక్కకు జరిగింది. పరుపు ఆటోలనే ఉంది. దించే పని పడలే.