దానమ్మ కంట్లో చుక్కల మందు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, దసరా సెలవులు ముగిసిన వారంలో, నన్ను కర్నూలు జిల్లా పడమటి వైపున్న కోసిగి ఆసుపత్రికి బదిలీ చేశారు. నా హోదా ఆప్తాల్మిక్ ఆఫీసర్. జనం కళ్ల డాక్టరనే పిలిచేవారు గానీ నేను డాక్టరును కాను. చూపు కొలవడం, అద్దాలు రాయడం, శుక్లం ముదిరినవారిని ఆపరేషనుకు పంపడం, మరేదైనా అనుమానం వస్తే కాగితం రాసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపడం నా పని. చికిత్స ఏదో తేల్చేది అక్కడి కంటి వైద్యులు.

ఆ ఏడు మిరప కోతలు మొదలయ్యే ముందు, షుగర్ మాత్రల కోసం వచ్చిన దానమ్మను నర్సు నా గదికి పంపింది. యాభై దాటిన మనిషి. ఏటా పద్దెనిమిది మందిని వెంటబెట్టుకొని గుంటూరు వైపు కోతకు తీసుకుపోయే మేస్త్రీ. చర్చి ఆదివారపు బడిలో చదువు నేర్చుకున్నదట, గోడమీది చార్టు చివరి వరుస దాకా ఎక్కడా తడబడకుండా చదివింది. రెండు కళ్లూ సిక్స్ బై సిక్స్, అంటే పూర్తి చూపు.

కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి లోపల చూస్తానన్నాను. ఆమె లేచి నిలబడింది.

"చుక్కలొద్దు సార్. అవేస్తే సాయంత్రం దాకా మసకగా ఉంటాదంట. బుధవారం మా మంది పోతాండారు, నాకు శానా పనుండాది. కండ్లు బాగుండాయని మీరే చూసినారు గదా!"

ఆమె మాటలో తప్పేమీ లేదు. చార్టు అదే చెబుతోంది. అయినా నేను ఆమెను పంపలేకపోయాను. కడప జిల్లాలో పనిచేసేటప్పుడు ట్రాక్టరు నడిపే ఒకాయన కూడా చార్టు అంతా చదివాడు. ఆయనకూ షుగరే. ఆ రోజు బయట వరుస పెద్దదిగా ఉండడంతో చుక్కలు వేయకుండానే కార్డు మీద 'చూపు బాగుంది' అని రాసి పంపాను. కొన్ని నెలలకు భార్య భుజం పట్టుకొని వచ్చాడు. ఒక కంటి లోపల రక్తనాళం చిట్లింది, రెండోది అదే దారిలో ఉంది. ఈ సంగతి నేను పై అధికారులకు గానీ, ఇంట్లో గానీ ఎన్నడూ చెప్పలేదు. దానమ్మకు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఆమె తిరిగి కూర్చుంది. "ఏయండి" అంది.

అరగంట తర్వాత ఆప్తాల్మోస్కోపుతో, అంటే కంటి లోపలి భాగం చూసే చిన్న దీపపు పరికరంతో చూశాను. రెండు కళ్లలోనూ వెనుక తెర మీద ఎర్రటి చుక్కలున్నాయి. ఎడమ కంట్లో నరం మొదలయ్యే చోట సన్నని కొత్త రక్తనాళాలు అల్లుకున్నాయి. షుగర్ వల్ల పుట్టే ఆ నాళాలకు గట్టిదనం ఉండదు, ఎప్పుడైనా చిట్లవచ్చు.

"నొప్పి లేదు, మంట లేదు. రోగమెట్లుంటాది సార్?"

"నొప్పి రాదు దానమ్మా. అందుకే మనిషికి తెలీదు."

"పోయొచ్చి చూపించుకుంటే? మూడు నెల్లే గదా."

మూడు నెలలు ఆగుతుందని చెప్పే ధైర్యం నాకు లేదన్నాను. ఆమె లేకపోతే ఆ పద్దెనిమిది మందికి రైతుతో మాట్లాడేవారు లేరు. చివరికి తనే దారి చూసుకుంది.

"మా ఆడబిడ్డ రాహేలమ్మకు రైతు ఇల్లు తెలుసు. ఆమెను ముందు పెట్టి అంపుతా. నేను ఎనకాల పోతా."

కర్నూలుకు ఫోను చేస్తే బుధవారమే రమ్మన్నారు. ఆ ఉదయం ఆమె తన మందిని రైలెక్కించి, అటునుంచే బస్సెక్కింది. అక్కడి వైద్యురాలు నా అనుమానం నిజమేనని చెప్పి, రెండు కళ్లకూ విడతలుగా లేజర్ చేశారు. లేజర్ కొత్త చూపు ఇవ్వదనీ, ఉన్న చూపును కాపాడుతుందనీ, షుగరూ బీపీ అదుపులో లేకపోతే ఆ కాపుదల నిలవదనీ వివరించారట.

"మెరుపులు మెరిసినట్లుండె సార్, అంతే. నేనే ఊరికే భయపడితి" అని తిరిగొచ్చాక దానమ్మ నాతో అంది. మూడు వారాల తర్వాత వైద్యురాలి అనుమతితో కోతకు వెళ్లింది. మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ రాసిన చీటీని బైబిల్లో పెట్టుకుంది.

కోతలు ముగిసి ఊరు చేరిన రెండో రోజే ఆసుపత్రికి వచ్చింది. ఒక్కతే కాదు, తన మందిలో షుగర్ ఉన్న ఏడుగురినీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో ఈరన్న అనే ఆయన మొరాయించాడు.

"నాకు బాగా కనపడ్తాది గదక్కా!"

"నాకూ బాగా కనపడె. కూచోప్పా."

ఈరన్న కూర్చున్నాడు. ఆ రోజు ఏడుగురికీ చుక్కలు వేశాను. ఇద్దరిలో తొలిదశ మచ్చలు కనిపించాయి, రాహేలమ్మ అందులో ఒకతె. కర్నూలులో చూపిస్తే లేజర్ అవసరం లేదన్నారు. మాత్రలు మానకుండా, తిండిలో జాగ్రత్తగా ఉంటూ, ఏటా పరీక్ష చేయించుకుంటే చాలన్నారు. నేను కోసిగిలో ఉన్నంత కాలం వాళ్లిద్దరూ ఒక్క ఏడాదీ తప్పలేదు. దానమ్మ కూడా చివరిసారి చూసినప్పుడు చార్టు చివరి వరుస దాకా చదివింది. రాత్రి వెలుతురు కాస్త తక్కువగా అనిపిస్తోందని మాత్రం చెప్పింది. లేజర్ తర్వాత కొందరికి అలా ఉంటుంది.

మరుసటి ఏడు మెడికల్ ఆఫీసరును ఒప్పించి, షుగర్ రోగుల కంటి పరీక్షను కోతలకు బయలుదేరే నెలకు ముందు నెలలో పెట్టించాను. అంతకుముందు ఆ పరీక్షలు ఊళ్లో సగం మంది లేని వేసవి మొదట్లో జరిగేవి. రిజిస్టరులో మాత్రం వాళ్లను 'రాలేదు' అని రాసేవాళ్లం.

రిటైరైన రోజు నా స్థానంలో వచ్చిన అమ్మాయికి చార్జి అప్పగించాను. పరికరాల జాబితా మీద సంతకాలయ్యాక ఆమెకు రెండు మాటలే చెప్పాను. షుగర్ ఉన్న మనిషి చార్టు ఎంత బాగా చదివినా చుక్కలు వేసి లోపల చూడకుండా కార్డు మీద 'బాగుంది' అని రాయొద్దు. మనం పిలిచిన తేదీకి వాళ్లు రాకపోతే, ముందు మన తేదీ సరైనదేనా అని చూసుకో.