శనగగింజంత గుంట

లవీనా క్రైడర్ చేతికి తుప్పు పట్టిన వాఫిల్ పెనం ఇచ్చి చూడండి. కళ్ళజోడు కూడా వెతుక్కోదు. వెనక్కి తిప్పి, పలకలు కలిసే బందును బొటనవేలితో తడిమి, ఏ ఊళ్ళో పోత పోశారో, మీ తాత కాలందో ముత్తాత కాలందో చెప్పేస్తుంది. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండును. "దీంట్లో కోళ్ళకి నీళ్ళు పెట్టారా ఏమిటి ఇన్నాళ్ళూ?" అని నాలుగు చీవాట్లు కూడా పెడుతుంది. అయినా మా పెన్సిల్వేనియా పల్లెల జనం ఆవిడ షెడ్డుకే వెళతారు. ఆవిడ బాగుచేసిన పెనానికి పిండి అంటుకోదు మరి.

బతుకంతా స్కూలు బస్సు నడిపిన మనిషికి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇల్లూ పొలమూ కిక్కురుమనకుండా పంచుకున్న అక్కాచెల్లెళ్ళు, వాఫిల్ పెనం దగ్గరకొచ్చేసరికి తగువు పడ్డారు. మధ్యలో పిండి పోసి గళ్ళ గళ్ళ అట్టు కాల్చడానికి రెండు పోత ఇనుప పలకలు, కింద ఒక చట్రం, అంతే ఆ వస్తువు. కానీ కింది పలకలో ఒక మూల శనగగింజంత గుంట ఉంది. పోత పోసినప్పుడే పడిన లోపం. దానివల్ల ప్రతి వాఫిల్‌కూ ఒక పావు ముక్కలో చిన్న బుడిపె లేచేది. ఆ బుడిపె ముక్క కోసం చిన్నప్పుడు ఇద్దరూ జుట్లు పట్టుకునేవారు. పెద్దయ్యాక పెనం కోసం పట్టుకోబోయారు. చివరికి పై పలక లవీనా, కింది పలక వాళ్ళక్క ఈడా ఎత్తుకుపోయారు. సగం పెనంతో ఏం కాలుస్తారు, వాళ్ళ మొహాలు. ఆ రోజు నుంచీ మాటల్లేవు.

లవీనా తన సగానికి జత వెతకడం మొదలుపెట్టింది. సంతల్లో, వేలంపాటల్లో కనపడిన ప్రతి పాత పెనాన్నీ తెచ్చి, తోమి, బందు కలుస్తుందేమో చూసేది. కలిసినవి కూడా నచ్చేవి కావు. ఎందుకు నచ్చవో ఊరందరికీ తెలుసు, ఆవిడ ఒక్కతే ఒప్పుకోదు. వెతికి వెతికి అక్క దొరకలేదు గానీ పనితనం మాత్రం అబ్బింది.

మొన్న వేసవిలో ఈడా గోనెగుడ్డలో ఏదో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఏటా మా ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే కోడికూర, వాఫిల్ విందుకు గ్రేవీ కాచేది నేనే. ఆ విందుకు అక్క తూర్పు గుమ్మంలోంచీ చెల్లెలు పడమటి గుమ్మంలోంచీ రావడం చూసీ చూసీ విసుగెత్తినవాణ్ణి.

"ఎలమ్, ఇది దానికివ్వు. నాదని చెప్పావో, నీ గ్రేవీలో ఉప్పు ఉండదని ఊరంతా చాటుతాను."

"దానికి అంటే ఎవరికి?"

"తెలిసే అడుగుతావేం? నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి. చూడు ఎలా అయిపోయిందో. అమ్మ ఉంటే నా వీపు చీరేసేది."

"ఇంకెవరూ లేరా బాగుచేసేవాళ్ళు?"

"ఎందుకు లేరు. యంత్రం పెట్టి నున్నగా గీకి ఇస్తారు. గుంట కూడా పోతుంది. అదొక్కతే గీకదు."

పట్టుకెళ్ళాను. లవీనా గోనెగుడ్డ విప్పి మొహం చిట్లించింది.

"ఎవరిది?"

"ఒకావిడది."

"ఆవిడకి పేరు లేదా?"

"ఉంది. చెప్పొద్దంది."

"చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిందేలే. పెనమా ఇది, పాడుబడ్డ బావి మూతా?"

బందులోనూ గుంటలోనూ తుప్పు మందంగా పేరుకుపోవడంతో ఆవిడ వేలు కూడా ఆనవాలు పట్టలేదు. నాకు మాత్రం ఇంటి దగ్గర కాలు నిలవలేదు. తీరా పట్టాక, నా గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదా అని విసిరికొట్టిందంటే, ఈ జన్మకి ఆ ఇద్దరూ కలవరు. అందుకని సుత్తి కావాలనీ, నిచ్చెన కావాలనీ సాకులు చెప్పి రోజూ షెడ్డుకు వెళ్ళాను. పలక ముందు కాస్టిక్ సోడా నీళ్ళలో నానింది, పాత జిడ్డంతా కారిపోయింది. తర్వాత బ్యాటరీ తీగలు తగిలించిన తొట్టిలో పడింది. తుప్పు నురగ కట్టి పైకి తేలింది.

చివరికి కుళాయి కింద పెట్టి బ్రష్షుతో రుద్దుతుంటే ఆవిడ చెయ్యి ఆగింది. బొటనవేలు ఒక మూలకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కుళాయి కట్టకుండానే బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఎలమ్."

"ఊఁ."

"ఇది కావాలనే పంపింది."

"నేనేం చెప్పలేదు బాబూ."

"నువ్వు చెప్పేదేంటి? నా వేలికి తెలీదా? తెలుస్తుందనే పంపింది, మొండి ఘటం."

"కోపమొచ్చిందా?"

"రాదూ మరి? ఇన్నేళ్ళు పట్టాలా దానికి?" ఆవిడ ఏడుస్తూనే నవ్వుతోంది.

"నువ్వే వెళ్ళి ఉండాల్సింది."

"నోరు మూసుకుని ఆ అవిసె నూనె గుడ్డ ఇలా పడెయ్."

నూనె రాసి, రాయనట్టే తుడిచేసి, ఓవెన్లో పెట్టింది. అలా ఎన్నిసార్లు చేసిందో, పలక నల్లగా నిగనిగలాడింది. కానీ తిరిగి ఇవ్వలేదు. కావాలంటే విందుకు వచ్చి తీసుకోమని నాతో కబురు పంపింది.

విందు రోజు ఈడా పడమటి గుమ్మంలోంచి వచ్చింది. నా చేతిలోంచి గరిటె జారినంత పనైంది. పొయ్యి మీద రెండు పలకలూ ఒకే బందులో కలిసి ఉన్నాయి. ఈడా వాటిని చూసి, పక్కనున్న గిన్నెలోకి తొంగిచూసింది.

"పిండి పల్చగా కలిపావు."

"వస్తూనే వంకలా?"

"అమ్మ ఇంకా చిక్కగా కలిపేది."

"అయితే పిండి నువ్వే పొయ్యవే అక్కా."

ఈడా పిండి పోసింది, లవీనా పెనం తిరగేసింది. గుండ్రంగా, ఎర్రగా కాలిన వాఫిల్ వచ్చింది, ఒక మూల బుడిపెతో సహా. లవీనా ఆ ముక్క తుంచి అక్క పళ్ళెంలో వేసింది. నేను పైన గ్రేవీ పోశాను.

"నువ్వు తిను. చిన్నదానివి," అంటూ ఈడా పళ్ళెం నెట్టింది.

"నీ పలక మీద కాలింది. నువ్వే తిను."

"తినవే అంటే."

"నువ్వు తింటేనే."

పళ్ళెం అటూ ఇటూ తిరుగుతోంది, నా గ్రేవీ చల్లారిపోతోంది. కళ్ళముందు తిండి పాడవుతుంటే చూస్తూ ఊరుకునే రకాన్ని కాను. ముక్క తీసి నోట్లో వేసుకున్నాను.

"నిన్నెవరు తినమన్నారయ్యా?"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు, ఒక్క గొంతుతో. నా బతుకులో అంత కమ్మటి తిట్టు తినలేదు. నేను నమలడం పూర్తయ్యేలోపే ఈడా రెండో వాయికి పిండి పోసింది, లవీనా నాకూ పొయ్యికీ మధ్య అడ్డంగా నిలబడింది.