గుట్ట మీద బోర్డు

బాలనర్సయ్య ఇరవై రెండేళ్లుగా చిల్కానగర్ నుంచి మల్లాపూర్‌లోని లేత్ కార్ఖానాకు సైకిల్ మీదే వెళ్లేవాడు. మధ్యలో బండల గుట్ట. దాని మీద దారి ఆయన చక్రాల కింద పడిందే.

రెండువేల తొమ్మిదిలో మేం నలుగురం, నాచారం సాఫ్ట్‌వేర్ వాళ్లం, గేర్ల సైకిళ్లు కొనుక్కుని ఆ గుట్టకు వెళ్లాం. ఎక్కడ బ్రేకు పట్టాలో, వాన పడితే ఏ బండ జారుతుందో చూపించింది ఆయనే. గుట్టను ప్లాట్లు చెయ్యకుండా సైకిళ్లకే వదలమని అర్జీ పెడితే మొదటి సంతకం ఆయనదే.

అధికారులు సరేనన్నారు. ఎవరూ అడక్కపోయినా, దర్జాగా ఉంటుందని నేనే ఒక బోర్డు రాయించాను: "హెల్మెట్ లేనివారికి ప్రవేశం లేదు."

నెల తర్వాత బాలనర్సయ్య మెయిన్ రోడ్డు మీద, లారీల పక్కన, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని తొక్కుతూ కనిపించాడు. ఆపాను.

"ఏంటి నర్సన్నా, గుట్ట మీదుగా రావట్లేదా?"

"నాకు హెల్మెట్ లేదు గద సార్. జర దూరమైతది, ఫికర్ లేదు."

"అది నీకు కాదన్నా!"

"మరి ఎవరికి సార్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. నా నెత్తిమీది హెల్మెట్ తీసి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ రాతినేలలో బోర్డుకు గుంత తవ్వింది ఆయనే. పాతాక రెండడుగులు వెనక్కి జరిగి, వంకరగా ఉందని మళ్లీ నిటారుగా నిలబెట్టిందీ ఆయనే. నేను పక్కనే నిలబడి ఫోటో తీశాను.