బావ ఓడిన ఆట

పోయిన నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ పోయిండురా" అంది. నిజాంపేటలో మా ఇంటి నుంచి చందానగర్‌లో అక్క వాళ్లిల్లు ఎంత దూరమని! అయినా ఆ ట్రాఫిక్‌లో పడి నేను చేరేసరికి ఆయన్ని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఆ ముఖం అంతసేపు కదలకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బావ ఉన్న గదిలో నిశ్శబ్దంగా కూర్చోవడం కూడా నాకు అదే మొదటిసారి.

మా బావ ఫుట్‌బాల్ కోచ్. పేపర్లో వేసేంత పెద్ద కోచ్ కాదు. డెబ్బైలలో గల్ఫ్‌లో ఒక చిన్న రేవు పట్టణానికి పోయి, అక్కడి క్లబ్బు టీముకు కొన్నేళ్లు ఆట నేర్పాడు. మా వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. దుబాయ్‌లో ఏనాడూ కాలు పెట్టని మనిషి చివరిదాకా 'దుబాయ్ సారు' గానే మిగిలాడు. మొదట్లో సరిదిద్దేవాడు, తర్వాత మానేశాడు. "వాళ్లకు దుబాయ్ అంటె సంతోషమైతది, నా సొమ్మేం పోతది" అనేవాడు.

అరవైల చివర్లో ఆయన అక్కను చేసుకున్నప్పుడు చందానగర్ బొంబాయి రోడ్డు పక్కన ఒక ఊరు. చుట్టూ జొన్న చేలు, బండలు. బావ తెల్లారగట్ల నాగలి పట్టేవాడు, తర్వాత సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోయేవాడు, సాయంత్రం ఫ్యాక్టరీ టీములో ఆడేవాడు. నాకు దున్నడమూ బంతి తన్నడమూ రెండూ ఆయనే నేర్పాడు. రెంటికీ తిట్లు ఒకటే. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. గ్రౌండులో కూడా ఆయనకు ఎడమంటే దాపట, కుడంటే వలపట. సిటీ నుంచి వచ్చిన ఆటగాళ్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని వదలనివాడంటే ఆయనకు ఒళ్లు మంట. "అరే, బంతి నీ సొంతిల్లు కాదురా, కిరాయి ఇల్లు. జర సేపుండి ఖాళీ చెయ్యాలె" అని అరిచేవాడు. ప్రాక్టీసు అయ్యాక బంతిని తనే తుడిచి, నూనె రాసి, ఇంటికి పట్టుకుపోయేవాడు. మా అక్క దాన్ని సవతి అనేది.

మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక, ఒక కోచింగు క్యాంపుకు పోయి నేర్చుకుని వచ్చి అదే ఫ్యాక్టరీ టీముకు కోచ్ అయ్యాడు. అప్పటికి నేనూ ఆ టీములో ఆడుతున్నాను. సిటీలో అరబ్బు కుటుంబాలుండే బార్కస్ నుంచి గల్ఫ్ పోయిన ఒక స్నేహితుడు అక్కడి క్లబ్బులో ఈయన పేరు చెప్పాడు. అక్క ఏడ్చింది. "జల్ది వస్తనే, ఫికర్ చెయ్యకు" అని పోయాడు. జల్దీ రాలేదు.

అక్కడ గడ్డి లేదట, అంతా ఇసుకేనట. ఆటగాళ్లు రేవులో బరువులు మోసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు. పని దిగి చెమటతోనే వచ్చేవాళ్లు. బావకు అరబ్బీ రాదు. ఉర్దూ వచ్చు కానీ, ఆ రేవులో ఉర్దూ తెలియనివాడు లేడు. బయటినుంచి ఏం చెప్పినా అవతలి టీము ముందే పసిగట్టేది. అందుకని ఈయన తన ఆటగాళ్లకు తెలుగు నేర్పాడు. ఉరుకు, ఆగు, ఇడువు, దంచు, దాపట, వలపట. ఇడువంటే పాస్ ఇవ్వడం, దంచంటే గోలు మీదికి కొట్టడం. అంతే, ఈ మాటల మీదే ఆ టీము గెలవడం మొదలుపెట్టింది. సెలవులకు వచ్చినప్పుడు ఆ అరబ్బు పిల్లలు 'దంచు' ఎలా పలుకుతారో చేసి చూపిస్తే మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ సెలవుల్లోనే ఒకసారి అక్క చిన్న కొడుకు, మా చిన్నోడు, నాయనను చూసి "మామా" అని పిలిచాడు. అందరం నవ్వాం. అక్క నవ్వలేదు.

అలా ఉండగా సిటీలో ఒక టోర్నమెంటుకు బావ టీము వచ్చింది. మొదటి ఆటే మా ఫ్యాక్టరీ టీముతో పడింది. నేను రైట్ బ్యాక్. టీముతో పాటు వాళ్ల క్లబ్బు పెద్ద కూడా వచ్చాడు. ఇక్కడ గెలిస్తేనే బావ కొలువు నిలుస్తుందని, లేకపోతే ఇంటికేనని ఆయన ముందే చెప్పేశాడు. బావకు ఆ కొలువంటే ప్రాణం. తన చేత్తో తయారైన టీము అది.

ఆట రోజు పొద్దున అక్క మా ఇంటికొచ్చి గడపలోనే నిలబడింది.

"తమ్మీ, మీరు గెలువాలె. మీరు గెలిస్తెనే ఆయన ఇంటికొస్తడు."

"ఏందక్కా, బావ పరువు పోతది కదా?"

"పరువు నేను చూసుకుంట. నువ్వు ఆడు."

సాయంత్రం గ్రౌండు నిండింది. ఆట మొదలైన కాసేపటికే బావ లేచి, అలవాటు కొద్దీ "ఉరుకు! ఉరుకు!" అని అరిచాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జనమంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. "ఆగు" అంటే మేము ముందుకొస్తున్నాం, "దంచు" అంటే మా గోల్‌కీపరు రెడీగా ఉంటున్నాడు. పల్లీలమ్మే మనిషి కూడా "దంచు దంచు" అంటూ తిరిగాడు. ఎవరికీ తెలియని భాషని నేర్పి, ఆ భాష పుట్టిన ఊరికే టీమును తీసుకొచ్చాడు మా బావ. మా సెంటర్ బ్యాక్ కాకినాడ వాడు. నా పక్కకొచ్చి, "ఏమండీ, మీ బావగారు ఇంతకీ మనవైపా, వాళ్లవైపా అండీ?" అన్నాడు.

రిఫరీ వచ్చి కూర్చోమన్నాడు. బావ కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండో సగమంతా మాట లేదు. మాటలు ఆగాక వాళ్లు నిజంగా బాగా ఆడారు. చెరో గోలు అయింది. ఆట ముగిసే ముందు వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ బంతి పట్టుకుని మధ్యలోంచి దూసుకొచ్చాడు. మేమంతా వాడి మీదికి పోయాం. ఎడమ పక్క వాళ్ల వింగరు ఒంటరిగా ఉన్నాడు. అది నేను కాయవలసిన పక్క. బావ ఎగిరి లేచి గొంతు చించుకున్నాడు.

"దాపట! దాపటకు ఇడువురా!"

బావ కోచ్‌గా ఉన్నప్పటి ఆటగాళ్లెవరూ నేను తప్ప అప్పటికి మా టీములో లేరు. సగం సిటీ వాళ్లు, మిగతా వాళ్లు ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాల పిల్లలు. నాగలి పట్టినవాణ్ని నేనొక్కణ్నే. కేక వినగానే నా కాళ్లు అటు తిరిగాయి. వింగరు కంటే ముందు నేను బంతిని అందుకుని ముందుకు కొట్టాను. మావాళ్లు గోలు చేశారు. గెలిచాం.

బావ కొలువు పోయింది. టీముతో తిరిగి పోయి, ఒప్పందం ప్రకారం ఉండవలసిన నెలలు ఉండి, ఒక పెట్టెతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఒక బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేస్తూ, నానక్‌రామ్‌గూడ పక్క రాళ్లు ఏరించి గ్రౌండు చేసి పిల్లలకు ఆట నేర్పాడు. అప్పటినుంచి మా చుట్టాల్లో ఒక మాట స్థిరపడిపోయింది. ఆ పక్కన బామ్మర్ది ఉన్నాడు, వాడికి ఆ మాట తెలుసు, అయినా అరిచాడంటే కావాలనే, పెళ్లాం కోసం ఓడిపోయాడని. నేనూ అదే నమ్మాను, పెళ్లిళ్లలో చెప్పి మెప్పించాను కూడా. బావను అడిగితే "నన్నడుగుతవేంది, మీ అక్కనడుగు" అని నవ్వేవాడు. అక్క ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది.

బావ పోయిన మూడో నాడు ఇంటినిండా చుట్టాలుండగా, మా పిన్ని ఆ కథే మళ్లీ ఎత్తుకుంది. "పెండ్లాం కోసం ఆట ఓడిన మొగోన్ని యాడన్న చూసిన్రా?" అంది. అందరూ తలలూపారు.

"ఇగ సాలు పిన్నీ" అంది అక్క. "ఆయన కావాల్నని ఓడిపోలే. గెలువాల్ననే అరిచిండు. 'నీ తమ్ముడు యాదికే రాలేదే' అని ఆ రాత్రి నా ముందట ఏడ్చిండు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నేను చెప్తనంటె ఆయనే వద్దన్నడు. 'అట్లనే అనుకోనియ్యి, నీకు మంచిగుంటది' అన్నడు. బతికున్నన్ని రోజులు ఆయన మాట కాదనలే. ఇప్పుడు పీనుగు లేచినంక గూడ ఓడిపోనీకి ఆడిండంటుంటె నా పాణం ఒప్పుతలేదు."

ఇంకో సంగతి కూడా చెప్పింది. బావ వచ్చేసిన మరుసటేడు, ఆ గల్ఫ్ టీము గోల్‌కీపరు తన తండ్రిని దవాఖానలో చూపించడానికి సిటీకి వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడట. క్లబ్బు పెద్ద మారాడు, మళ్లీ రమ్మంటున్నారని చెప్పాడట.

"నేనే పొమ్మన్న. ఆ ఏడుపు చూసినంక ఎట్ల ఆపుతా? పోలే. 'మొదలు పోయింది పనికి. ఇప్పుడు పోతె నిన్ను ఇడిచిపెట్టి పోయినట్టయితది' అన్నడు. నా కోసం ఉన్నడు గని, నా కోసం ఓడలే."

ఇన్నేళ్లూ నేను చెప్పుకుంటూ వచ్చిన కథలో బావ మంచివాడే, కానీ అక్క చెప్పిన బావ అంతకంటే పెద్దవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదానికి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు, చెబితే వెక్కిరించేవాడని.

ఆ రోజు ఆట ముగిసిన క్షణం ఇప్పుడు వేరుగా కనిపిస్తోంది. విజిల్ ఊదారు. మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తారు. ఆ ఎత్తు నుంచి చూస్తే, అటు బెంచీ మీద బావ ముఖం మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు, భుజాలు అదురుతున్నాయి. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాను. ఇటు ఆడవాళ్ల వరుసలో మా అక్క లేచి నిలబడి, చంకలో చిన్నోణ్ని పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో తొడ మీద చరుస్తూ చప్పట్లు కొడుతోంది.