ఆది జాకెట్లు

రూతుకు ఆది జాకెట్లంటే పరమ అసహ్యం. గుణదలలో ఇంటి వరండాలోనే ఆమె కుట్టుమిషను. కొలతల కోసం ఆడవాళ్ళు ఉతక్కుండా ఇచ్చిపోయే పాత జాకెట్లను రెండు వేళ్ళతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముఖం పక్కకు తిప్పి మడత విప్పుతుంది. బెజవాడ ఎండలకు చంకల్లో చెమట ఎండి, పసుపుపచ్చని వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కట్టి ఉంటాయి. వాటి అంచున తెల్లగా ఉప్పు. ఎంత గొప్పింటివాళ్ళ జాకెట్లయినా అంతే. అవి చూశాక ఆమెకు అన్నం సయించదు.

కుట్టు డిప్లొమా ఆఖరి పరీక్షకు సొంత ఊహతో ఒక గౌను కుట్టమన్నారు. అది పాసైతేనే ఆమెకు బడిలో కుట్టు టీచరు ఉద్యోగం. ఎంత ఆలోచించినా రూతు కళ్ళముందు ఆ వలయాలే ఆడాయి. ఎవరూ వెనక్కి అడగని జాకెట్లలోంచి చంక ముక్కలే కత్తిరించి, వలయం పక్కన వలయం చేర్చి గౌను కుట్టింది. కుట్టినంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకుంది.

సెంటు ఘుమఘుమలతో వచ్చిన పరీక్ష మేడమ్ గారు ఆ గౌను చూసి మురిసిపోయారు.

"ఎంత బావుందే పిల్లా! ఏం రంగు వేశావ్?" అంటూ చెంపకు ఆనించుకున్నారు.

"చెమటండీ. అందరిదీనండీ. మెడ దగ్గర ముక్క మాత్రం నాది."

గౌను నేలమీద పడింది.

"ఛీ ఛీ! దీనికి మార్కులు కూడానా? తీసుకుపో అవతలికి!"

మేడమ్ గారు చెయ్యెత్తి గుమ్మం చూపించారు. ఆవిడ పట్టు జాకెట్టు చంకలో తడి వలయం ఒకటి అప్పుడే విచ్చుకుంటోంది. గౌను తీసుకోవడానికి వంగిన రూతు, అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టింది.