ఎదుటి గిన్నె

ధర్మవరంలో పట్టుచీరలమ్మే గంగాధరప్ప ఏ గుడ్డనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడందే మాట్లాడడు. పెళ్లిలో పక్కవాడి కండువానూ వదలడు. బెంగళూరులో, టీవీలో వంటలు చేసే చెఫ్ నడుపుతున్న చిన్న ఫ్రెంచి హోటల్లో కూర్చున్నాక కూడా, మొదట ఒళ్లో పరిచిన తెల్లగుడ్డనే నలిపి చూశాడు. ఆయన భార్య సరోజమ్మ ఆ చెఫ్ కార్యక్రమం ఒక్కరోజూ తప్పేది కాదు. పోయిన నెల ఆమె పదోరోజున కాకి పిండం ముట్టలేదు. మనవరాలి పెళ్లి బాగా చేస్తామన్నారు, మగ్గాలు అమ్మబోమన్నారు. అయినా వాలలేదు. "మామా, అత్తకు ఆ టీవీ ఆయన హోటల్లో తినాలని శానా ఆశ ఉండె" అంది కోడలు. "నేను పోయి తినొస్తాలే సరోజా" అని గంగాధరప్ప దండం పెట్టాకే కాకి వాలింది.

మాంసం పడదని ముందే చెప్పి, ఉల్లిపాయ సూపు రెండు గిన్నెలు తెప్పించాడు. ఒకటి ఎదుటి ఖాళీ కుర్చీ ముందు పెట్టించాడు. తనది అడుగు కనబడేదాకా మెల్లగా తాగాడు. బల్లల మధ్య తిరుగుతూ వచ్చిన చెఫ్, "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"బాగుండాదప్పా. నిన్ను టీవీలో చూసి మా ఇంటామె కూడా ఒకసారి చేసింది."

"ఆవిడకు ఎలా కుదిరింది?"

గంగాధరప్ప వేళ్లు తెల్లగుడ్డను నలుపుతూనే ఉన్నాయి.

"తెలీదప్పా. ఏందిది గంజి అని పక్కకు నెట్టినా. నోట్లో పెట్టలా."