గుండిగలో చెయ్యి

చోడవరంలో ట్రాక్టరు ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలిచి వెనక్కి తిరగడానికి తంటాలు పడుతుంటే కారు ఆపాను. అద్దం దించి ఉంది. పక్కన వచ్చి ఆగిన చిన్న వ్యానులోంచి ఒక వాసన నేరుగా నా ముఖం మీదికి వచ్చింది. తడిసిన తవుడు, నానిన చెనగ చెక్క, పాచి పట్టిన నీళ్లు, వాటన్నిటి అడుగున ఎక్కడో సన్నగా, ఇంకా పూర్తిగా చేప కాని చేప వాసన.

పక్క సీట్లో ఉన్న నరసమ్మత్త తల తిప్పింది. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి. కంటి డాక్టరుకి చూపించి, బుచ్చయ్యపేట దగ్గర కూతురింటికి దింపడానికి తీసుకెళుతున్నాను. చూపు మసకేసింది గానీ ముక్కు మాత్రం నిన్న కొన్నట్టుంది.

"సేప పిల్లలే," అంది. "నీలు మార్చి రెండు గంటలయ్యుంటాది."

తొంగి చూశాను. నిజమే. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచులు పూరీల్లా ఉబ్బి, వ్యాను నిండా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. వెనక మనిషన్నవాడు లేడు. ట్రాక్టరు తప్పుకుంది, వ్యాను వెళ్లిపోయింది, నేనూ కారు కదిపాను. అది కదలడమే ఆలస్యం, అత్త కుడిచెయ్యి ఒడిలో లేచి పడటం మొదలుపెట్టింది. లేచి పడుతుంది, లేచి పడుతుంది. ఆమెకి ఆ సంగతే తెలియదు. బండి కదిలితే ఆ చెయ్యి కదులుతుంది. నలభయ్యేళ్ల కిందట అలా మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు.

ఆ రోజుల్లో మా నాన్నకి ఒక పాత వ్యాను ఉండేది. దాని రంగు ఏమిటని నన్నడిగితే ఒక్కో ఏడు ఒక్కోటి చెబుతాను, ఎందుకంటే ఊడిపోయిన చోటల్లా నాన్న ఏ రంగు దొరికితే ఆ రంగు పూసేవాడు. తొలకరి దాటి చెరువులు నిండగానే చేపపిల్లల్ని పెంచే మళ్ల దగ్గరికి వెళ్లి, నాలుగు పెద్ద అల్యూమినియం గుండిగల్లో నీళ్లు నింపి, చింతాకంత శీలావతి పిల్లల్నీ బొచ్చె పిల్లల్నీ వేలకి వేలు పోయించుకుని, చోడవరం దగ్గర ఒక చెరువుకి, వడ్డాది దగ్గర ఒక చెరువుకి, అక్కణ్ణించి బుచ్చయ్యపేట వైపు ఊళ్లకి అందించేవాడు. ఈ దారిలో ఊరు వస్తోందంటే ముందు చెరువుగట్టు కనిపించేది, తరువాతే ఊరు. గట్టు మీద తాటిచెట్లు, గట్టు కింద చీరలు ఆరేసే ఆడవాళ్లు, నీళ్లలో గేదెల మూపుల మీంచి దూకే పిల్లలు, తామర కాయలు చీల్చి పచ్చి గింజలు నోట్లో వేసుకునేవాళ్లు. మేం ఆగిన ప్రతి చోటా నా జేబుల నిండా ఆ గింజలు పడేవి.

అప్పట్లో ఆక్సిజన్ సంచులు మేం ఎరగం. గుండిగలో నీళ్లని చేత్తో కొడుతూ ఉండాలి. అరచెయ్యి కొద్దిగా వంచి, పైనుంచి టపటపమని, నీళ్లలోకి గాలి దిగేలా, దారి పొడుగునా. చెయ్యి ఆగిందా, పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంకాసేపు ఆగిందా, తెల్లటి పొట్టలు తేలతాయి. వ్యాను వెనకాల ఆ కొట్టేవాళ్లు ఇద్దరు, నరసమ్మత్త, ఆమె తమ్ముడు సన్యాసిమావ. వరసకి ఏమీ కారు, పిలుపుకి అత్తా మావా. చెరో రెండు గుండిగల మధ్య కూర్చుని రెండు చేతులా కొట్టేవాళ్లు. ముందు స్టీరింగు దగ్గర నాన్న ఆ చప్పుడు వింటూ నడిపేవాడు.

రోడ్డు కూడా మావైపే ఉండేది. ఆ గోతులకి గుండిగల్లో నీళ్లు వాటంతటవే ఎగిరిపడేవి. "మనకి మంచి రోడ్డు పడకూడదురా సన్యాసీ," అని నాన్న అంటుంటే విన్నవాళ్లు పిచ్చివాడనుకునేవారు.

చిక్కల్లా నిద్రతోనే. తెల్లారకుండా లేచి, గంటల తరబడి ఒకే పని చేస్తూ, పొద్దెక్కాక నరసమ్మత్త క్యానులో తెచ్చిన చోడంబలి ఉల్లిపాయ నంజుకుని తాగితే ఎవరికైనా కునుకు పడుతుంది. ఆ కునుకుకి మందు నేనే. బడి లేని రోజున నన్ను గుండిగల మధ్య కూర్చోబెట్టి, "మొదలెట్టే గుంటా," అనేవాళ్లు. నేను అబద్ధాలు మొదలుపెట్టేదాన్ని. నిన్న వడ్డాది చెరువులో తామరాకు మీద పడుకుని నిద్రపోయానంటే, సన్యాసిమావ నమ్మేవాడు కాదు గానీ, "ఏ పక్కకి తిరిగి తొంగున్నావే?" అని అడిగేవాడు. అలా అడిగే మనిషి ఎదురుగా ఉంటే అబద్ధం చెరుకుగడలా పెరగదూ మరి!

మా అమ్మకి ఇదేం నచ్చలేదు. ఆడపిల్ల చేపల వ్యానులో తిరగడం ఒకటి, నోరు తెరిస్తే కోతలు కోయడం ఒకటి. ఒకరోజు నాన్నకి తేల్చి చెప్పేసింది. "ఈ గుంట వల్ల ఎవురి నోటంటైనా ఒక్క మాట వొచ్చిందంటే అదే ఆఖరు. విశాపట్నంలో మా చెల్లి ఇంట్లో పెట్టీసి సదివించీస్తాను." పిన్ని వాళ్లది ఫ్యాక్టరీ క్వార్టర్సు. రెండు గదులు, ఒక కుళాయి. అక్కడ కథ చెబితే వినేది ఆ కుళాయే. ఆ మాట విన్నప్పటి నుంచి వ్యాను ఎక్కినప్పుడల్లా మాట రాకూడదు, మాట రాకూడదు అనుకుంటూనే ఎక్కేదాన్ని. ఎక్కాక అబద్ధాలు మాత్రం మానేదాన్ని కాదు.

శ్రావణమాసంలో ఒకరోజు చోడవరం దగ్గర ఒక గుండిగ, వడ్డాది దగ్గర ఒక గుండిగ దింపేశాం. ఇంక మిగిలినవి రెండు, రెండూ బుచ్చయ్యపేట దారిలో ఒకే ఊరి చెరువుకి. అత్త దగ్గర ఒకటి, మావ దగ్గర ఒకటి. వడ్డాది దాటామో లేదో వ్యాను కుదుపులు ఆగిపోయాయి. తొంగి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ కొత్త తారు. ఎప్పుడు వేశారో, మేం వచ్చి నాలుగు రోజులే అయింది. వ్యాను పట్టుగుడ్డ మీద జారినట్టు జారుతోంది. నేనప్పటికి కథ మధ్యలో ఉన్నాను.

అనకాపల్లికి బెల్లం తోలుకెళ్లే బండి ఒకటి వడ్డాది చెరువులో బోల్తా పడి, చెరువు చెరువంతా పానకమైపోయింది. అనకాపల్లి నుంచి చీమలు రోడ్డు వెంబడి వరసకట్టి వచ్చాయి. ఆ వరస దాటలేక బస్సులు రెండు రోజులు అటువైపు అటే, ఇటువైపు ఇటే ఆగిపోయాయి. చేపలన్నీ బెల్లం తిని కదల్లేక గట్టు మీద కూర్చున్నాయి. వాటిలో ఒక ముసలి కొర్రమీనుకి సుగరు జబ్బు పట్టుకుంది.

"ఓలమ్మో! సేపకి సుగరేటే?" అంది అత్త.

"మరి అంత బెల్లం తింటే రాదేటి? కళ్లు తిరిగిపోతన్నాయని అనకాపల్లి డాట్రుకి సూపించుకోడానికి బస్సెక్కీసింది."

"ఏ సీట్లో కూకుంది?" అన్నాడు మావ.

"ఆడోల సీట్లో, కిటికీ పక్కన. కండట్రు వొచ్చి టిక్కెట్టు అన్నాడు. జాకెట్టు లేదు, సంచీ లేదు, కొంగుముడి లేదు. అందరూ దాన్నే సూస్తన్నారు. అప్పుడా కొర్రమీను మెల్లగా నోరు తెరిసింది. తెరిసీసి..."

ఇక్కడ నేను ఆగాను. ఆ నోట్లో ఏం పెట్టాలో నాకింకా తట్టలేదు. తట్టేదాకా సాగదీద్దామని ఆ నోరు ఎంత పెద్దదో, పళ్లు ఎన్నో, లోపల ఎంత చీకటో చెప్పుకుంటూ పోయాను. అత్త నా వైపే చూస్తోంది. మావ ముందుకి వంగాడు. ముందు సీటు వెనకున్న చిన్న కిటికీలోంచి నాన్న చెవి కూడా ఇటే ఉంది. అంత మంచి నిశ్శబ్దం నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. ఆ నిశ్శబ్దం ఏమిటో ముందు తెలిసింది అత్తకే.

"ఒరే సన్యాసీ! సెయ్యిరా!"

నాలుగు చేతులు ఒక్కసారి గుండిగల్లో పడ్డాయి. అత్త గుండిగలో పిల్లలు తక్కువ, వాటిలో చాలావరకు తేరుకున్నాయి. మావ గుండిగ మీద అప్పటికే తెల్లటి పొట్టలు, అటుకులు పోసినట్టు. నాన్న బండి పక్కకి ఆపి వెనక్కి వచ్చి, ఆ గుండిగలోకి చూసి, నన్ను చూసి, వెళ్లి మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. తిడితే ఏడ్చేదాన్ని. తిట్టడానికి ఆయనకి నోరు రాలేదు, ఆయన కూడా విన్నాడు కదా.

ఆ ఊరి చెరువుకి పెద్ద పెద్దినాయుడు తాత. మెత్తని మనిషి కాదు. గుండిగ తెచ్చి గట్టు మీద పెట్టగానే పిల్లల్ని నీళ్లలోకి వదలనిచ్చేవాడు కాదు. చెరువు నీళ్లు చెంబుతో కొంచెం కొంచెంగా గుండిగలో కలిపించి, పిల్లలు ఆ నీళ్లకి అలవాటు పడేదాకా తానే గొంతుక్కూర్చుని చేత్తో కొట్టేవాడు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

చచ్చిన గుండిగ చూసి తల ఎత్తాడు. "ఏటయ్యింది బాబూ?"

"ఎండకి పోయేయి తాతా," అన్నాడు నాన్న.

ఆకాశం నిండా మబ్బు. తాత ఒకసారి మబ్బుని చూశాడు, ఒకసారి నాన్నని చూశాడు. ఎన్నేళ్లుగానో ఆ చెరువుకి పిల్లల్ని తెచ్చే మనిషి అబద్ధమాడటం, అదీ ఇంత చేతకానట్టు ఆడటం నాకు ఓర్వరానిదిగా అనిపించింది. మా ఇంట్లో ఆ పని నాది. విశాఖపట్నం, పిన్ని, కుళాయి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా ముందుకొచ్చేశాను.

"ఎండ కాదు తాతా. నేను కత సెప్తంటే ఈలు సేతులాపీసేరు."

తాత నవ్వలేదు. "ఇదింకా పెద్ద అబద్ధం. ఇన్నేళ్ల నుంచి నీలు కొడతన్న మనుషులు గుంట కతకి సెయ్యాపుతారేటి? అంత కతేటో సెప్పు ఇందాం." ఆ మాట అంటూనే మిగిలిన గుండిగ ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. టప, టప, టప.

తల వంచుకునే మొదలుపెట్టాను. బండి బోల్తా పడేసరికి తల ఎత్తాను. చీమలు వచ్చేసరికి నీళ్లకి వచ్చిన ఆడవాళ్లు బిందెలు దించారు. కొర్రమీను బస్సెక్కేసరికి చెంబుతో నీళ్లు పోసేవాడు చెంబు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. కండక్టరు వచ్చాడు. టిక్కెట్టు అన్నాడు. కొర్రమీను మెల్లగా నోరు తెరిచింది.

"తెరిసీసి?" అన్నాడు తాత.

గట్టు మీద చప్పుడు లేదు. నేను ఆయన ముఖం చూడటం మానేసి గుండిగలోకి చూశాను. మోచేతి దాకా నీళ్లలో ఉన్న ఆ చెయ్యి కొయ్యలా నిలబడిపోయింది. దాని చుట్టూ చిన్న చిన్న నోళ్లు పైకి తేలుతున్నాయి.

"తాతా! సెయ్యి!"

పెద్దినాయుడు తాత ఉలిక్కిపడి, ముఖమంతా తడిసిపోయేలా కొట్టాడు. రెండు మూడు పిల్లలు పల్టీకొట్టి మళ్లీ సర్దుకున్నాయి. ముందు నవ్వింది నరసమ్మత్త. ఆ పైన గట్టు గట్టంతా నవ్వింది. తాత ఒక్కడే నవ్వకుండా, కొడుతూ కొడుతూనే నాన్నతో అన్నాడు.

"దీన్ని నేనొక్క మాట అనను. ఇంకెవుర్నీ అననివ్వను. పోయిన గుండిగ మళ్లీ వారం తెచ్చీ. గానీ ఒకటి. ఒసే గుంటా, కత బాగున్న సోటల్లా ఆపీసి, సెయ్యి అని అరవాల. అరిసీకే మిగతాది సెప్పు."

తిరుగు దారిలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు నాన్న. వడ్డాదిలో బండి ఆపాడు. సంతలో వేడి పకోడీల పొట్లం కొని నా ఒళ్లో పెట్టి, అప్పుడడిగాడు. "ఇంతకీ దాని నోట్లో ఏటుందే?"

"నాకూ తెల్దు నాన్నా."

ఆ ఏడూ, ఆ తరువాత మూడేళ్లూ ఈ రోడ్డంతా నా అరుపే. గేదెలు సముద్రం మీద నడిచిపోతుంటే మధ్యలో "సెయ్యి!" పెళ్లికూతురు తాటిచెట్టెక్కి దిగనని మొండికేస్తే మధ్యలో "సెయ్యి!" దారిన పోయేవాళ్లు మా వ్యానులో ఎవరికో చెయ్యి విరిగిందనుకునేవారు. ఆ తరువాత పైచదువుకని విశాఖపట్నం నేనే వెళ్లాను, ఎవరూ పంపకుండానే. కొన్నాళ్లకి సంచులు వచ్చాయి. వెనక కూర్చునే మనుషుల అవసరం పోయింది. వ్యాను పాత ఇనుముకి పోయింది. సన్యాసిమావ పోయాడు, పెద్దినాయుడు తాత పోయాడు, నాన్న పోయాడు. ఆ గట్టు మీద ఇప్పుడు సెల్ ఫోను రీచార్జి కొట్టూ టిఫిను బండీ ఉన్నాయి. చెరువు సగం దాకా గుర్రపుడెక్క కమ్మేసింది. కొత్త తారు మాత్రం ఎప్పుడో లేచిపోయి మళ్లీ పాత గోతులే వచ్చాయి. చేపలకి వాటితో పని లేకుండా పోయాక వచ్చాయి.

వడ్డాది దాటాక ఆ గోతుల్లో కారు మెల్లగా నడుపుతుంటే నరసమ్మత్త ఉన్నట్టుండి అడిగింది.

"అవునే, ఆ సేప నోట్లో ఏటుందో సెప్పనేలేదు నువ్వు."

ఈ కథ చెప్పబోతుంటే వెనక గుండిగలు లేకపోవడం ఇదే మొదటిసారి. ఎంతసేపు చెప్పినా చచ్చేది ఏదీ లేదు. మొదటినుంచీ మొదలుపెట్టాను. బండి, పానకం, చీమలు, డాక్టరు, బస్సు. కొర్రమీను కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చాడు. అది నోరు తెరిచింది. అత్త నా వైపు తిరిగింది. ఆ మసక కళ్లు ఎప్పటిలాగే పెద్దవయ్యాయి. కిందికి చూశాను. ఒడిలో ఆ చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది.

"అత్తా! సెయ్యి!"

ఉలిక్కిపడింది. బోసినోటితో పకపకా నవ్వింది. ఆ ఎండిన చెయ్యి మళ్లీ లేచి పడసాగింది. వెనక సీట్లో ఆమె మందుల సంచి తప్ప ఏమీ లేదు. అయినా కూతురిల్లు వచ్చేదాకా ఆ చెయ్యి ఆగలేదు, నేను కథ ఆపలేదు.